అరగంటలో ఇచ్చిన టీసీ

మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు మొన్న మా ఇంటికి వచ్చారు. రిటైరైనవాళ్ళను పలకరించేవాళ్ళు ఇంకా ఉన్నారని నేను సంతోషపడేలోపే, అందులో ఒక అమ్మాయి, "మేడమ్, మీ టేబుల్ ఇప్పుడు నాదే. ఎన్ని కాగితాలు వచ్చినా సాయంత్రానికి ఒక్కటి కూడా మిగలనియ్యను" అని గొప్పగా చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు. ముప్పై ఏళ్ళపాటు నేను చెప్పుకుని తిరిగిన గొప్ప కూడా అదే. కాఫీ ఇచ్చి పంపించాను గానీ చెప్పాల్సింది చెప్పలేదు. అప్పటినుంచీ మనసులో పీకుతూనే ఉంది. అందుకే ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చదివి నవ్వుకుంటే నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి.

నేను పనిచేసింది అనంతపురం వైపు ఒక విశ్వవిద్యాలయంలో, అకడమిక్ సెక్షన్‌లో. నా టేబుల్ మీదికి రెండు రకాల కాగితాలు రావాలి. ఒకటి టీసీ. అది చేతికిచ్చామంటే ఆ విద్యార్థికీ మాకూ సంబంధం తెగిపోయినట్టే, సీటు పోయినట్టే. రెండోది బ్రేక్ ఆఫ్ స్టడీ దరఖాస్తు. ఇంట్లో ఏదైనా కష్టం వస్తే ఏడాది సెలవు పెట్టి, మళ్ళీ వచ్చి ఆపిన చోటినుంచి చదువుకోవచ్చు. ఒకే ఒక్క పేజీ. డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకం ఉంటే చాలు. ఆ దరఖాస్తుల కట్ట నా వెనక బీరువాలో అడుగు అరలో ఉండేది. కట్టిన దారం కట్టినట్టే ఉండేది.

ఎందుకంటే ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అడిగినవాళ్ళకు ఇవ్వడం నా పని, అడగనివాళ్ళకు చెప్పమని నాకు ఏ ఆర్డరూ లేదు. అలా అనుకునేదాన్ని. ఎంత హాయిగా ఉంటుందో చూడండి, అలా అనుకుంటే!

మా వైపు వాన సరిగా పడని ఏడు నా టేబుల్ ముందు వరస పెరిగేది. పేపర్లో కరువు మండలాల జాబితా రాకముందే నా దగ్గర టీసీ పుస్తకం అయిపోయేది. నేను మాత్రం ఎంతమంది వచ్చినా గబగబా రాసి ఇచ్చేసేదాన్ని. "ఆ మేడమ్ దగ్గర తిప్పుకునేది ఉండదు" అని పిల్లలు చెప్పుకునేవారు. ఆ మాట వింటే నాకు భోజనం చేసినంత తృప్తి.

కొన్నేళ్ళ కిందట, వినాయక చవితి సెలవులు అయిన మరుసటి వారం, ఒక అమ్మాయి తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, రెండో సంవత్సరంలోకి అప్పుడే వచ్చింది. బెళుగుప్ప దగ్గర పల్లె. తండ్రి తలకు తువ్వాలు చుట్టుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు. అదేమైనా గుడా, ఆఫీసు. అయినా విడిచాడు.

"ఏం కావాల?" అన్నాను తల ఎత్తకుండా.

"సర్టిఫికెట్లు కావాల మేడమ్. ఇంటికి పోతాండా."

"చదువు నిలిపేస్తాండావా?"

ఆ పిల్ల తండ్రి వైపు చూసింది. "ఇంటికాడ పని ఉండాది మేడమ్" అంది.

ఆయన అందుకున్నాడు. "కాగితాలు మన చేతిలో ఉంటే ధైర్యమమ్మా. మళ్ళా వచ్చేదానికి."

ఈ మాట మా ప్రాంతం బయటివాళ్ళకు అర్థం కాకపోవచ్చు. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరి సర్టిఫికెట్లు ఫీజు బాకీ కింద ఏదో ఒక ప్రైవేటు కాలేజీలో ఇరుక్కుని ఉంటాయి. అందుకే నెల రోజులకు ఇంటికి పోవాలన్నా అన్ని కాగితాలూ అడిగి తీసుకుపోయి ట్రంకుపెట్టెలో పెట్టుకుంటారు. పెట్టెలో ఉంటే చదువు తమ దగ్గర భద్రంగా ఉన్నట్టు లెక్క. అందులో టీసీ ఒక్కటి మాత్రం భద్రం చేసేది కాదని, అది చేతికి వచ్చిన క్షణంలోనే తలుపు మూసుకుంటుందని వాళ్ళకు తెలియదు.

నాకు తెలుసు. ఆయన "మళ్ళా వచ్చేదానికి" అన్నది నాకు స్పష్టంగా వినపడింది కూడా. ఒక్క నిమిషం పెన్ను పక్కన పెట్టి, "మళ్ళీ వచ్చేటట్టయితే టీసీ వద్దు పెద్దాయనా, సెలవు పెట్టండి" అనుంటే సరిపోయేది. అనలేదు. వరసలో ఇంకా జనం ఉన్నారు. భోజనం టైమ్ అవుతోంది. బాకీలేమీ లేవని లైబ్రరీ, ల్యాబ్, హాస్టల్ సంతకాలన్నీ ఆ పిల్ల ముందే పెట్టించుకుని వచ్చింది. అరగంటలో టీసీ రాసి, సంతకం చేయించి, చేతిలో పెట్టాను. కారణం అన్న చోట "స్వంత కారణాలు" అని రాశాను. అందరికీ అదే రాసేదాన్ని.

"థాంక్స్ మేడమ్, శానా తొందరగా ఇచ్చినారు" అంది ఆ పిల్ల. నేను పొంగిపోయాను.

మరుసటి ఏడు తరగతులు మొదలైన మూడో రోజు, పది గంటలకు, నా టేబుల్ మీద ఎవరో ఒక కాగితం పెట్టారు. తళతళ మెరుస్తోంది. చూస్తే మా టీసీ. చుట్టూ ప్లాస్టిక్ వేయించి, అట్టలాగా గట్టిగా చేసి ఉంది.

"వచ్చేసినా మేడమ్. ఇదిగోండి మీ టీసీ."

నాకు ఆ పిల్ల గుర్తు లేదు. నా చేతిరాతే గుర్తొచ్చింది. "టీసీ తిరిగి ఇచ్చేదేంది తల్లీ?" అన్నాను.

"పోయినేడు మీరే ఇచ్చింటిరి కదా మేడమ్. అమ్మకు పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయింది. ఇంట్లో నాయన, నేనే. నాయన అన్నం తినిపిస్తాడు, మందులేస్తాడు. నీళ్ళు పోసేది, గుడ్డలు మార్చేది మాత్రం అమ్మ ఆయన్ను చెయ్యనియ్యదు. సిగ్గుతో ఏడుస్తాది. అందుకే పోయినా. ఇప్పుడు గోడ పట్టుకోని నడుస్తాండాది మేడమ్. ఆమెనే పొమ్మనింది."

అడక్కుండానే ఇంకా చెప్పుకుపోయింది. డాక్టర్ ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమన్నాడట, వింటూ ఉంటే మాట తిరిగి వస్తుందని. పొద్దస్తమానం మాట్లాడటానికి ఆ పల్లెలో ఏముంటుంది? అందుకని తన కెమిస్ట్రీ నోట్సు తెచ్చి తల్లికి గట్టిగా చదివి వినిపించేదట. "మా అమ్మకు మాటొచ్చినాక తెలిసేటట్టు అన్న మొదటి మాట ఏంది చెప్పండి మేడమ్? బెంజీన్!" అని నవ్వింది. "ఊరంతా వచ్చి చూసిపోయినారు. ఇదేం దేవుని పేరమ్మా అని అడిగింది మా పక్కింటామె."

ఆ పిల్ల నవ్వుతోంది. గుమ్మం దగ్గర చూస్తే పరుపుచుట్ట, బకెట్టు, ఒక సంచీ. హాస్టల్లో చేరడానికి తయారై వచ్చేసింది.

ఎలా చెప్పాలి? ఎలాగైనా చెప్పాలి కదా. "సీటు లేదమ్మా. టీసీ తీసుకున్న రోజే పోయింది. మళ్ళా ఎంట్రన్స్ రాసి, మొదటి సంవత్సరంలో చేరల్ల" అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఈ ఏడుది ఎంట్రన్స్ అయిపోయింది కదా మేడమ్?" అంది.

"అయిపోయింది."

"సాయంత్రం బస్సుకు రానని అమ్మకు చెప్పొచ్చినా. ఇప్పుడు పోయి ఏమని చెప్పల్ల?"

అంతే అడిగింది. నా మీద కోపం లేదు, నిష్ఠూరం లేదు. నిజంగా ఏం చెప్పాలో తెలియక అడిగింది. రెండు తిట్లు తిట్టి ఉంటే నాకే సులువుగా ఉండేది.

ఆ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, పక్క టేబుల్ అన్న దగ్గరికి పోయాను. నాకంటే నాలుగేళ్ళు సీనియర్. మనసు మంచిది, దారులు మాత్రం అడ్డదారులు. అంతా విని, "దీనికి ఇంత మొగం పెట్టుకోవాల్నా?" అని ఇన్‌వర్డ్ రిజిస్టర్ పోయినేడుది తీశాడు.

వచ్చిన ప్రతి ఉత్తరానికీ తేదీ వేసి నంబరు రాసే పుస్తకం అది. మా ఆఫీసులో ఒక అలవాటు ఉండేది. రోజు చివర ఒకటి రెండు గీతలు ఖాళీగా వదిలి, మరుసటి రోజు కింద మొదలుపెట్టేవాళ్ళం. ఎప్పుడైనా అవసరం పడితే పాత తేదీతో ఒక ఉత్తరం అందులో ఎక్కించడానికి. ఎవరూ నేర్పరు, అందరికీ వచ్చు. మీ పుస్తకం కూడా ఒకసారి తీసి చూసుకోండి.

టీసీ ఇచ్చినదానికి ముందు రోజు పేజీలో గీత ఖాళీగానే ఉంది.

"పిల్లతో పోయినేడు తేదీ వేసి సెలవు దరఖాస్తు రాయించు. ఈడ ఎక్కిస్తాం. ఉత్తరం ముందే వచ్చింది, నీ టేబుల్‌కు చేరలేదు, తెలీక నువ్వు టీసీ ఇచ్చినావు. అయిపాయె."

"చేరకపోవడమేంది? ఎవరు ఆపినారని రాస్తాం?"

"ఇంకెవరు, మన పెద్దాయన. ట్రేలో మర్చిపోయినాడని రాద్దాం. రిటైరై ఇంట్లో కూర్చున్నాడు, ఆయనకు ఏమైతాదిప్పుడు?"

పెద్దాయన అంటే మా పాత అటెండర్. ముప్పై ఏళ్ళలో ఒక్క కాగితం పోగొట్టిన మనిషి కాదు. రిటైరైనవాళ్ళు ఎంత పనికొస్తారో ఆ రోజు తెలిసింది. ఇప్పుడు నేనూ రిటైరయ్యాను కాబట్టి, ఆ ఆఫీసులో ఏ తప్పులు నా పేరున రాసుకుంటున్నారో ఏమో.

సిగ్గు లేకుండా చెబుతున్నాను, నేను ఒప్పుకున్నాను. బీరువా తెరిచి, అడుగు అరలోంచి కట్ట తీసి, దుమ్ము దులిపి, ఒక దరఖాస్తు ఆ పిల్ల ముందు పెట్టాను. పోయినేడు తేదీ వేసి సంతకం పెట్టమన్నాను. ఆ పిల్ల పెన్ను పట్టుకుని మొత్తం చదివింది. పైనుంచి కిందిదాకా, నెమ్మదిగా. చదివి తల ఎత్తింది.

"ఇట్లాంటిది ఒకటి ఉండాదా మేడమ్?"

"ఉండాది."

"అయితే ఆ పొద్దే ఇది ఇచ్చింటే రాసేదాన్ని కదా."

నాకు దాని ముఖంలోకి చూడటం చేతకాలేదు. ఆ కాగితం లాక్కుని నాలుగు ముక్కలు చేశాను. పక్క టేబుల్ అన్న "ఏయ్, ఏయ్" అంటూనే ఉన్నాడు.

"నువ్వు ఈ పొద్దు బస్సుకు ఇంటికి పో. రెండు మూడు దినాలు ఆలస్యమైతాదంట అని మీ అమ్మకు చెప్పు" అన్నాను.

"మళ్ళా రావల్నా మేడమ్?"

"పరుపు ఈడనే పెట్టి పో. మళ్ళా మోసుకొచ్చేదెందుకు?"

ఆ మాట ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు. నా చేతిలో ఏమీ లేదు. పరుపుచుట్టను బీరువా వెనక నిలబెట్టాను. వచ్చినవాళ్ళంతా దాన్ని చూసి "ఏం మేడమ్, ఈడనే పడుకుంటాండారా?" అని నన్ను ఆటపట్టించారు. రెండు మూడు దినాలనుకున్నది పదకొండు దినాలు పట్టింది.

ఆ మధ్యాహ్నం ఫైలు తెరిచి నోట్ రాశాను. మొదట ఇంగ్లీషులోనే మొదలుపెట్టాను. మన ఆఫీసు ఇంగ్లీషు ఎంత తెలివైనదంటే, అందులో తప్పు జరుగుతుంది గానీ ఎవరూ చెయ్యరు. రాసి చించి, రాసి చించి, చివరికి తెలుగులో రాశాను. "చదువు మధ్యలో సెలవు పెట్టుకునే వీలుందని ఈ విద్యార్థినికి నేను చెప్పలేదు. మళ్ళీ వస్తుందని ఆమె తండ్రి నా ఎదుటే అన్నాడు. విన్నాను. అయినా టీసీ ఇచ్చాను. తప్పు నాది, ఆమెది కాదు." కింద సంతకం పెట్టి ఫైలు పైకి పంపాను. రిటైర్మెంట్ దగ్గర పడుతున్న మనిషి తన సర్వీసు మీద తనే మట్టి పోసుకుంటుందా అని పక్క టేబుల్ అన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పదో రోజున రిజిస్ట్రార్ పిలిపించారు. కోపిష్టి అని పేరు. ముందు నా నోట్, పక్కన ఆ మెరిసే టీసీ.

"ఇది నువ్వే రాసినావా అమ్మా? ఎవరన్నా బెదిరించి రాయించినారా?"

"నేనే రాసినా సార్."

"ఇన్నేండ్లలో తప్పు నాదే అని రాసిన నోట్ నేను చూడలేదు. దీన్ని ఏం చెయ్యల్లో నాకే తెలీదు." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "సరే. ఒకవేళ టీసీ రద్దు చేస్తామనుకో. ఈ పిల్ల ఈ మధ్యలో ఇంకో కాలేజీలో చేరలేదని ఎట్ల నమ్మల్ల?"

ఆయన టీసీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. గోరుతో గీకారు. "దీనికి ప్లాస్టిక్ ఎవరు ఏయించినారు?"

"వాళ్ళ నాయన సార్. తీసుకున్న మరుసటి రోజే జిరాక్స్ అంగట్లో ఏయించినాడంట. చెదలు పడతాయని, వాన తగిలితే తడుస్తాదని."

"వానా? బెళుగుప్పలోనా?" అని ఆయన పకపకా నవ్వారు. ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి. తర్వాత నవ్వు ఆపి, కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశారు. "వేరే కాలేజీలో చేరింటే వాళ్ళు దీన్ని పెట్టుకుని ఉంటారు. లేదంటే దీని మీద సీలన్నా పడింటాది. ఈ పిచ్చిమారాజు ఎవరి సీలూ పడకుండా కట్టడి చేసినాడు. ఇంతకంటే సాక్ష్యమేం కావాల? అయినా రద్దు చేసినట్టు మన సీలు కూడా దీని మీద పడదు కదా!"

నిజంగానే పడలేదు. సీలు వేస్తే సిరా జారిపోయింది. చివరికి ప్లాస్టిక్ అంచు కత్తిరించి, పొర లాగితే కాగితం సగం చిరిగి వచ్చింది. ఆ సగం మీద రద్దు సీలు వేశాం. ఆ ఏడాదిని సెలవుగా లెక్కకట్టి, మూడో సెమిస్టర్‌లో చేర్చుకోవచ్చని ఆర్డర్ వచ్చింది. దానితోపాటు నాకొక మెమో కూడా వచ్చింది, ఇకమీదట జాగ్రత్తగా ఉండవలెనని. నా సర్వీసు మొత్తంలో అదొక్కటే మెమో. దాచిపెట్టుకున్నాను.

పక్క టేబుల్ అన్న మెమో చదివి, "చెప్తే ఇనకపోతివి" అని గొణిగాడు. మరుసటి రోజు నేను వచ్చేసరికి సెలవు దరఖాస్తుల కట్ట బీరువాలో లేదు. నా టేబుల్ మీద, వరసలో నిలబడినవాళ్ళకు కనపడేటట్టు, దారం విప్పి పెట్టి ఉంది. ఎవరు పెట్టారని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. అప్పటినుంచి నేను రిటైరయ్యేదాకా "ఎందుకమ్మా, ఏమైంది నాయనా" అని అడగకుండా ఒక్క టీసీ రాయలేదు. వరస ఆలస్యమయ్యేది. సాయంత్రానికి కాగితాలు మిగిలేవి. "ఆ మేడమ్ దగ్గర పురాణం ఎక్కువ" అని పిల్లలు విసుక్కున్నారని కూడా విన్నాను. విసుక్కోనీ.

కానీ అంతకుముందు ముప్పై ఏళ్ళలో "స్వంత కారణాలు" అని రాసి పంపినవాళ్ళ మాటేమిటి? వాళ్ళలో ఎంతమంది మళ్ళీ వద్దామనుకున్నారో నాకు తెలియదు. ఈ పిల్ల తిరిగి వచ్చింది కాబట్టి తెలిసింది. మిగిలినవాళ్ళు సీటు పోయిందని ఎక్కడో కనుక్కుని, ఊరి సెంటర్లో ఎవరో చెబితే వినేసి, రాకుండా ఆగిపోయి ఉంటారు. ఇది మాత్రం నన్ను వదలదు. వదలకూడదు కూడా.

ఆ పిల్ల చేరిన రోజు సోమవారం. తండ్రి వచ్చాడు, ఈసారీ చెప్పులు బయటే విడిచాడు. బీరువా వెనకనుంచి పరుపుచుట్ట తీసి భుజాన వేసుకున్నాడు. వెనకాలే ఒకామె. ఎడమ చేత్తో గోడ పట్టుకుని, ఒక్కొక్క అడుగే వేస్తూ వస్తోంది. మా మెట్లు పద్నాలుగు. నేను లేచి ఎదురుపోయాను.

"ఎందుకు తీసుకొచ్చినావమ్మా ఇంత దూరం?" అని పిల్ల మీద కేకలేశాను.

"నేను వద్దన్నా మేడమ్. మేడమ్‌ను చూడల్లని ఒకటే పట్టు."

ఆమెను నా కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయాసం తగ్గేదాకా మాట్లాడలేదు. మూతి ఒక పక్కకు కొంచెం వంకరగా ఉంది, మాట ముద్దగా వస్తోంది. నాకు దండం పెట్టడానికి చేతులు కలపబోయింది. కుడి చెయ్యి లేవలేదు. ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుంది. నేను దండం పెట్టించుకునే పని ఏం చేశాను గనుక? అది చెబుదామని నోరు తెరిచాను. ఆమె చెప్పనివ్వలేదు.

"నా కోసరమే నిలిపినాది మేడమ్మా, చదువు. నాకు నోరు ల్యాక ఆ పొద్దు వద్దని చెప్పలేకపోతి" అంది. ఒక్కొక్క మాట వెతుక్కుని, పేర్చి, చెబుతోంది. కూతురు పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంటోంది. "ఇప్పుడు నోరొచ్చింది. అందుకే వచ్చి చెప్తాండా. ఈసారి ఇది వచ్చి అడిగినా ఆ టీసీ ఇయ్యొద్దు. నేను మళ్ళా పడినా సరే, పోయినా సరే. ఇయ్యొద్దు."

"ఇయ్యనమ్మా" అన్నాను.

ఆమె నా చెయ్యి వదల్లేదు. ఇంకోసారి చెప్పమన్నట్టు చూసింది. ఇంకోసారి చెప్పాను.